ఎత్తిన జెండాను ఎవరు దించాలి?

ఒక నీటి సరఫరా కేంద్రాన్ని ఊహించుకుందాం. పంపు దాటిన తరువాత ప్రధాన పైపులో పీడనాన్ని కొలవడానికి ఒక ట్రాన్స్‌మిటర్ ఉన్నది. సున్నా నుంచి 10 బార్ల వరకు కొలిచేలా దానిని అమర్చారు. కంట్రోల్ రూమ్‌లోని కంప్యూటర్ కూడా అదే పరిధిని నమ్ముకొని లెక్కలు వేస్తున్నది. ఒకనాడు మరమ్మతుకు వచ్చిన టెక్నీషియన్, కారణం ఏదైనా కావచ్చు, ఆ పరిధిని సున్నా నుంచి 16 బార్లకు మార్చాడు. ఆ సంగతి కంట్రోల్ రూమ్‌కు చెప్పడం మరిచిపోయాడు. ఆనాటి నుంచి పైపులో నిజంగా 8 బార్ల పీడనం ఉన్నప్పుడు తెరమీద 5 బార్లే కనబడుతుంది. తీగ తెగలేదు, పరికరం చెడలేదు, కనబడే అంకె అసంభవమైనదీ కాదు. అంతా సవ్యంగానే ఉన్నట్టు తోస్తుంది. పీడనం చాలడం లేదనుకొని నియంత్రణ వ్యవస్థ పంపు వేగాన్ని ఇంకా పెంచుతూ పోతుంది.

ఈ పొరపాటును వెంటనే బయటపెట్టగల సాక్షి ఒకటున్నది. అది ఆ ట్రాన్స్‌మిటర్ తన ప్రతి జవాబులోనూ చేర్చి పంపే ఒకే ఒక్క బిట్. "నా అమరిక మారింది" అని మాత్రమే ఆ బిట్ చెబుతుంది. ఇటువంటి బిట్‌లను ఇంజనీర్లు ఫ్లాగ్‌లు అంటారు. రైలు గార్డు చేతిలోని జెండా లాగానే అవి చెప్పేది ఒక్క మాటే. ఆ మాట ఎవరో ఒకరు చూసినప్పుడే దానికి విలువ. జెండాను చదవడం కష్టమైన పని కాదు. దానిని ఎవరు, ఎప్పుడు, ఏ హక్కుతో దించాలన్నది మాత్రం చిక్కు ప్రశ్న. పరిశ్రమలలో వాడే సమాచార ప్రోటోకాల్‌లు ఈ ప్రశ్నకు వేరువేరు జవాబులు చెప్పాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే, జెండాను దించడమంటే లోపాన్ని సరిచేయడం కాదనీ, "నీ మాట నాకు అందింది" అని రసీదు ఇవ్వడమనీ అర్థమవుతుంది. రసీదు ఇచ్చే పద్ధతి సరిగా లేకపోతే సాక్ష్యమే మాయమవుతుంది.

ఎనిమిది బిట్‌ల వాంగ్మూలం

పైన చెప్పిన ట్రాన్స్‌మిటర్ హార్ట్ అనే ప్రోటోకాల్‌లో మాట్లాడుతుందనుకుందాం. కొలిచిన విలువను 4 నుంచి 20 మిల్లీయాంపియర్ల విద్యుత్ ప్రవాహంగా మార్చి పంపడం పరిశ్రమలలో దశాబ్దాలుగా ఉన్న ఆచారం. పరిధి అడుగున ఉన్న విలువకు 4, పైన ఉన్న విలువకు 20. పరిధి సున్నా నుంచి 16 బార్లయితే 8 బార్లకు వచ్చే ప్రవాహం 12 మిల్లీయాంపియర్లు. ఆ 12ను సున్నా నుంచి 10 బార్ల లెక్కలో చదివితే వచ్చేది 5 బార్లు. మన కథలోని తప్పంతా ఇంతే.

1980లలో రోజ్‌మౌంట్ సంస్థ రూపొందించిన హార్ట్, ఆ ప్రవాహాన్ని చెదరగొట్టకుండా అదే తీగలమీద అంకెల సంభాషణను కూడా నడుపుతుంది. 1200 హెర్ట్‌జ్ ధ్వని ఒకటికి, 2200 హెర్ట్‌జ్ ధ్వని సున్నాకు గుర్తు. ఈ అలల సగటు సున్నా కనుక అసలు ప్రవాహం విలువ మారదు. వేగం సెకనుకు 1200 బిట్‌లు మాత్రమే. ప్రశ్న అడిగేది మాస్టర్, జవాబు చెప్పేది పరికరం. ఒకే తీగమీద ఇద్దరు మాస్టర్లు ఉండవచ్చు: ఒకటి కంట్రోల్ రూమ్‌లోని వ్యవస్థ, రెండవది టెక్నీషియన్ చేతిలో ఉండే కమ్యూనికేటర్.

పరికరం పంపే ప్రతి జవాబులోనూ రెండు స్థితి బైట్‌లు ఉంటాయి. మొదటిది ఆ ప్రశ్నకు సంబంధించినది: ప్రశ్న చెక్కుచెదరకుండా అందిందా, ఆదేశాన్ని పాటించగలిగిందా అన్నది చెబుతుంది. రెండవది పరికరం గురించి చెప్పే ఎనిమిది బిట్‌ల వాంగ్మూలం. పెద్ద విలువ గల బిట్ నుంచి వరుసగా చూస్తే: పరికరం చెడింది; అమరిక మారింది; ఇప్పుడే తిరిగి మొదలయ్యాను; చెప్పవలసిన వివరం ఇంకా ఉన్నది; నా ప్రవాహం ఒక విలువ దగ్గర స్థిరపరచబడింది; నా ప్రవాహం హద్దుకు చేరింది; ఇతర కొలతలలో ఒకటి హద్దు దాటింది; ప్రధాన కొలత హద్దు దాటింది. నాలుగవ మాట వినిపిస్తే మాస్టర్ 48వ ఆదేశంతో ఆ అదనపు వివరాన్ని అడగాలి.

ఈ బైట్ విలువ 64 అయితే అమరిక మారిందనీ, 96 అయితే అమరిక మారడంతోపాటు పరికరం తిరిగి మొదలైందనీ అర్థం. చదవడం ఇంత సులువు. కానీ ఈ ఎనిమిది జెండాలూ ఒకే జాతివి కావు.

మూడు జాతుల జెండాలు

మొదటి జాతి అద్దం వంటిది. ప్రధాన కొలత హద్దు దాటినంతసేపు ఆ బిట్ ఒకటిగా ఉంటుంది, లోపలికి రాగానే సున్నా అవుతుంది. దీనిని దించే ఆదేశం లేదు, ఉండకూడదు కూడా. ప్రవాహం స్థిరపరచబడిందనే బిట్ ఈ జాతిదే. తీగను పరీక్షించడానికి టెక్నీషియన్ 40వ ఆదేశంతో ప్రవాహాన్ని 12 మిల్లీయాంపియర్ల దగ్గర నిలుపుతాడు. పరీక్ష ముగిశాక అదే ఆదేశాన్ని సున్నా విలువతో పంపి విడుదల చేయాలి. అతడు మరిచిపోతే కంట్రోల్ రూమ్‌కు నిలకడైన, నమ్మదగిన అంకె కనబడుతూనే ఉంటుంది. ప్రవాహాన్ని మాత్రమే చదివే వ్యవస్థకు ఆ నిలకడ అబద్ధమని తెలిసే దారి లేదు. ఆ బిట్‌ను చదివే వ్యవస్థకే తెలుస్తుంది.

రెండవ జాతి జెండా సంఘటనను గుర్తు పెట్టుకుంటుంది, చెప్పగానే మరిచిపోతుంది. తిరిగి మొదలయ్యాననే బిట్ ఇటువంటిది. ఒక్కొక్క మాస్టర్‌తో జరిపే మొదటి సంభాషణతో అది దానంతటదే దిగిపోతుంది. ఆ ఒక్క జవాబును పట్టించుకోకపోతే ఆ సమాచారం మళ్ళీ రాదు.

మూడవ జాతి జెండా ఎవరో ఒకరు స్పష్టంగా దించేవరకు నిలిచి ఉంటుంది. అమరిక మారిందనే బిట్ ఈ జాతిది. కరెంటు పోయి వచ్చినా అది చెరగదు. దానిని దించడానికి 38వ ఆదేశం ప్రత్యేకంగా ఉన్నది. ఇద్దరు మాస్టర్లకూ ఈ జెండా విడివిడిగా ఉంటుందన్నది ఇక్కడి అసలు విశేషం. టెక్నీషియన్ తన కమ్యూనికేటర్ నుంచి 38వ ఆదేశం పంపితే దిగేది అతడి జెండా మాత్రమే. కంట్రోల్ రూమ్ వైపు జెండా ఎగురుతూనే ఉంటుంది.

చదివితే చెరిగిపోయే రాత

ఇద్దరికీ రెండు జెండాలు ఎందుకో తెలియాలంటే, ఇంటిల్లిపాదికీ ఒకే ఫోన్ ఉన్న రోజులను గుర్తు చేసుకుంటే చాలు. వచ్చిన సందేశాన్ని ఒకరు తెరవగానే కొత్తది వచ్చిందనే గుర్తు పోతుంది. రెండవవారు ఫోన్ తీసి, కొత్తవేమీ లేవనుకొని పక్కన పెడతారు. సందేశం పోలేదు, అది కొత్తదన్న సంగతి పోయింది.

ప్రయోగశాల కొలత పరికరాలకోసం 1987లో వచ్చిన ఐఈఈఈ 488.2 ప్రమాణంలో ఈ పద్ధతి ఉన్నది. సంఘటనలను నమోదు చేసే రిజిస్టర్‌ను ప్రశ్నించగానే పరికరం దాని విలువను చెప్పి, వెంటనే దానిని సున్నా చేస్తుంది. ఆ తరువాత ఇదే పునాదిమీద వచ్చిన స్కిపీ ప్రమాణం ప్రస్తుత స్థితిని చూపే రిజిస్టర్‌నూ, జరిగిన సంఘటనను పట్టి ఉంచే రిజిస్టర్‌నూ వేరు చేసింది. మొదటిదాన్ని ఎన్నిసార్లు చదివినా మార్పు లేదు. రెండవదాన్ని చదివితే చెరుగుతుంది. ఒక బల్లమీద ఒక కంప్యూటర్, దానికి కట్టుబడిన నాలుగు పరికరాలు ఉన్నంతకాలం ఇది చక్కని ఏర్పాటే. అడిగేవాడు ఒక్కడే కనుక ఎవరికీ అన్యాయం జరగదు.

కర్మాగారంలో అడిగేవారు చాలామంది. 1979లో మోడికాన్ సంస్థ తెచ్చిన మోడ్‌బస్ నేటికీ విస్తారంగా వాడుకలో ఉన్నది. అందులో హార్ట్‌లో లాగా ప్రతి జవాబుతోనూ వచ్చే పరికర స్థితి లేదు. ఏడవ ఫంక్షన్ ఎనిమిది స్థితి బిట్‌లను ఇస్తుంది కానీ వాటి అర్థాన్ని తయారీదారు ఇష్టానికే వదిలేసింది. చాలా పరికరాలలో స్థితి ఏదో ఒక మామూలు రిజిస్టర్‌లో ఉంటుంది. అది చదివితే చెరుగుతుందా, సున్నా రాస్తే చెరుగుతుందా, ఒకటి రాస్తే చెరుగుతుందా అన్నది ఆ పరికరం మాన్యువల్ చూస్తేనే తెలుస్తుంది. చదివితే చెరిగే రిజిస్టర్‌ను నియంత్రణ కంప్యూటర్ ఒకవైపు, కొత్తగా తగిలించిన డేటా సేకరణ సాఫ్ట్‌వేర్ మరొకవైపు చదువుతుంటే, ఏ సంఘటన ఎవరి చేతికి చిక్కుతుందన్నది కేవలం అదృష్టం. ఊరికే చూడడానికే పెట్టామనుకున్న సాఫ్ట్‌వేర్, ఏ పని లేకుండానే హెచ్చరికలను మింగివేస్తుంది.

ఇద్దరు పాఠకులు లేకపోయినా ఈ పద్ధతిలో ఇంకొక లోపం ఉన్నది. జవాబు దారిలో చెడిపోతే ఏమవుతుంది? పరికరం దృష్టిలో చెప్పవలసింది చెప్పేసింది. మాస్టర్ మళ్ళీ అడిగితే వచ్చేది ఖాళీ రిజిస్టర్. చదవడాన్నే రసీదుగా లెక్కించడంవల్ల వచ్చిన చిక్కు ఇది.

విద్యుత్ సబ్‌స్టేషన్లకోసం 1990ల తొలినాళ్ళలో కెనడాలో పుట్టి, 2010లో ఐఈఈఈ 1815 ప్రమాణంగా మారిన డీఎన్‌పీ3 ఈ చిక్కును మన రిజిస్టర్డ్ పోస్టు పద్ధతిలో విప్పింది. పొలిమేరలోని పరికరాన్ని అందులో ఔట్‌స్టేషన్ అంటారు. సర్క్యూట్ బ్రేకర్ తెరుచుకున్నదనే సంఘటనను అది పంపినా తన జాబితానుంచి వెంటనే తీసివేయదు. అందిందని మాస్టర్ ధ్రువీకరణ పంపిన తరువాతే తీసివేస్తుంది. ధ్రువీకరణ దారిలో పోతే అదే సంఘటన రెండోసారి రావచ్చు. సంఘటన జరిగిన సమయం కూడా జతగా ఉంటే రెండూ ఒకటేనని పోల్చుకోవచ్చు. రెండుసార్లు రావడం చిన్న ఇబ్బంది, అసలు రాకపోవడం పెద్ద నష్టం.

ముందు చదవాలా, ముందు దించాలా?

మళ్ళీ మన నీటి కేంద్రానికి వద్దాం. కంట్రోల్ రూమ్ వ్యవస్థ అమరిక జెండాను చూసింది. పరికరం అమరికను మొత్తం చదివి, తన దగ్గరి నకలును సరిచేసుకొని, 38వ ఆదేశంతో జెండా దించాలనుకున్నది. సెకనుకు 1200 బిట్‌ల వేగంలో ఆ చదువు కొంత సమయం తీసుకుంటుంది. పరిధిని చదివేసిన తరువాత, 38వ ఆదేశం పంపేలోగా టెక్నీషియన్ పరిధిని మరొకసారి మార్చాడు. జెండా అప్పటికే ఎగురుతున్నది కనుక రెండవ మార్పుకు వేరే గుర్తు ఏదీ లేదు. ఆపైన 38వ ఆదేశం వెళ్ళింది, జెండా దిగింది. రెండవ మార్పు ఇక ఎవరికీ తెలియదు. ఒక్క బిట్ "మారింది" అని చెప్పగలదు కానీ "ఎన్నిసార్లు" అని చెప్పలేదు.

అయితే వరుసను తిరగవేస్తే? ముందు జెండా దించి, తరువాత చదవాలి. చదువుతున్నప్పుడు మరొక మార్పు జరిగితే జెండా మళ్ళీ లేస్తుంది. మనం మళ్ళీ చదువుతాం. ఏ మార్పూ జారిపోదు. డీఎన్‌పీ3లో తిరిగి మొదలయ్యాననే జెండా విషయంలో వాడే వరుస ఇదే. ఔట్‌స్టేషన్ తిరిగి మొదలైనప్పుడు ఆ బిట్ లేస్తుంది, దానంతటది దిగదు. మాస్టర్ స్పష్టంగా సున్నా రాసి దానిని దించి, ఆపైన అన్ని విలువలనూ మొదటినుంచి తెప్పించుకుంటుంది. ఆ మధ్యలో ఔట్‌స్టేషన్ మళ్ళీ పడి లేస్తే జెండా కూడా మళ్ళీ లేచి ఉంటుంది.

ఈ వరుసలోనూ ఒక సందు ఉన్నది. జెండా దించిన తరువాత, చదవడం పూర్తికాకముందే మాస్టర్ కంప్యూటరే ఆగిపోతే? గుర్తు చేసే జెండా లేదు, చదివిన నకలూ లేదు. డీఎన్‌పీ3 మాస్టర్ తాను కొత్తగా మొదలైనప్పుడు ఎలాగూ అన్నిటినీ తెప్పించుకుంటుంది కనుక అక్కడ ఈ సందు పూడుతుంది. వందలాది ట్రాన్స్‌మిటర్ల అమరికను ప్రతిసారీ మొదటినుంచి చదవలేని హార్ట్ వ్యవస్థకు అది అంత సులభం కాదు.

2007లో వచ్చిన హార్ట్ 7వ రూపం దీనికి చూపిన మార్గం ముచ్చటగా ఉంటుంది. పరికరంలో ఒక లెక్క ఉంటుంది. అమరిక మారిన ప్రతిసారీ అది ఒకటి పెరుగుతుంది. దానిని ఎవరూ తిరిగి సున్నా చేయకూడదు, కరెంటు పోయినా అది నిలవాలి. మాస్టర్ ముందు ఈ లెక్కను చదువుతుంది, తరువాత అమరికను చదువుతుంది, చివరికి 38వ ఆదేశంలో తాను చూసిన లెక్కను కూడా చేర్చి పంపుతుంది. మాస్టర్ 41ని చూసి చదవడం మొదలుపెట్టగా, ఈలోగా టెక్నీషియన్ చేసిన మార్పుతో అది 42 అయిందనుకోండి. "41 నాటి సంగతి నాకు తెలిసింది, జెండా దించు" అని మాస్టర్ అడిగితే, లెక్క కుదరలేదని పరికరం నిరాకరిస్తుంది. మాస్టర్ మళ్ళీ చదవాలి. చదవకుండా రసీదు ఇచ్చే వీలు లేకుండా పోయింది.

మన పాఠకులలో సాఫ్ట్‌వేర్ రంగంలో ఉన్నవారికి ఇది పరిచితమైన ఆలోచనే. డేటాబేస్‌లో ఒక వరుసను మార్చేముందు వెర్షన్ సంఖ్య మనం చదివినప్పటిదేనా అని సరిచూసే పద్ధతీ, వెబ్ సర్వర్లలో ఈట్యాగ్ సరిపోతేనే మార్పును అంగీకరించే పద్ధతీ దీనికి తోబుట్టువులు.

ఈ లెక్కకు మరొక ప్రయోజనం కూడా ఉన్నది. మామూలు తీగల హార్ట్‌లో ఆదేశం పంపినది ఎవరో పరికరం నిర్ధారించుకోలేదు. దురుద్దేశంతో పరిధిని మార్చినవాడు జెండాలను కూడా దించి వెళ్ళవచ్చు. కానీ లెక్క పెరిగే ఉంటుంది. నిన్న 41, నేడు 43 అయితే, ఏ జెండా ఎగరకపోయినా, మనకు తెలియకుండా రెండు మార్పులు జరిగాయన్నమాట. జెండా కబురు చెబుతుంది. లెక్క ఆ కబురుకు సాక్ష్యం పలుకుతుంది.

బొత్తాన్ని నొక్కి పట్టుకుంటే

మోటార్లను నడిపే డ్రైవ్‌ల విషయంలో జెండా దించడం ప్రాణాలకు సంబంధించిన సంగతి. క్యాన్‌ఓపెన్ కుటుంబానికి చెందిన సీఐఏ 402 ప్రమాణంలో డ్రైవ్ స్థితి పదంలోని 3వ బిట్ లోపాన్ని చూపుతుంది. ఆ లోపస్థితిని తొలగించమని అడగడానికి నియంత్రణ పదంలో 7వ బిట్ ఉన్నది. ఆ బిట్ ఒకటిగా ఉండడం చాలదు; సున్నా నుంచి ఒకటికి మారే క్షణాన్నే డ్రైవ్ ఆదేశంగా తీసుకుంటుంది.

కారణం ఊహించవచ్చు. ప్రోగ్రాం రాసినవారు ఆ బిట్‌ను ఒకటిగానే వదిలేశారనుకోండి. ఒకటిగా ఉండడమే ఆదేశమైతే, లోపం వచ్చిన ప్రతిసారీ అది లేచిన క్షణంలోనే తుడిచిపెట్టుకుపోతుంది. ఏ మనిషీ ఏ హెచ్చరికా చూడడు. మార్పు క్షణాన్ని మాత్రమే గుర్తించే పద్ధతిలో, ఒక్కొక్క లోపానికి ఒక్కొక్క నిర్ణయం కావాలి. అంతేకాదు, లోపానికి కారణం ఇంకా ఉంటే డ్రైవ్ ఆ స్థితిని వదలదు. కారణం పోయి, జెండా దిగినా మోటార్ దానంతటది తిరగదు. మళ్ళీ ఒక్కొక్క మెట్టూ ఎక్కించి నడపాలి. దించడం వేరు, నడపడం వేరు.

కానీ ఈ రక్షణను కూడా వమ్ము చేయవచ్చు. ప్రతి రెండు సెకన్లకూ ఆ బిట్‌ను సున్నా చేసి ఒకటి చేసే చిన్న ప్రోగ్రాం చాలు. ఉత్పత్తి ఆగకూడదన్న తొందరలో ఇటువంటి ఆటోమేటిక్ రీసెట్‌ను చేర్చాలనే ప్రలోభం కలుగుతుంది. అప్పుడు బేరింగ్ అరిగిపోతున్న మోటార్, వేడెక్కుతున్న కేబుల్ ముందుగా చెప్పే మాటలన్నీ వినిపించకుండానే చెరిగిపోతాయి. చివరికి ఆగిపోయేనాటికి చరిత్ర అంటూ ఏమీ మిగలదు.

జెండా దేని గురించి చెబుతున్నది?

దించే సంగతి ఇంత. చదివేవారు వేయవలసిన ప్రశ్న ఒకటి మిగిలింది: ఈ జెండా దేనిని చూసి లేచింది, దేనిని చూసి దిగింది? 1979 మార్చి 28న అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో త్రీ మైల్ ఐలాండ్ అణువిద్యుత్ కేంద్రపు రెండవ యూనిట్‌లో పీడనాన్ని తగ్గించే వాల్వ్ ఒకటి తెరుచుకొని, తిరిగి మూసుకోలేదు. కంట్రోల్ రూమ్‌లో దానికి సంబంధించిన దీపం మాత్రం ఆరిపోయింది. ఆ దీపం వాల్వ్ నిజస్థితిని చూపేది కాదు. వాల్వ్‌ను తెరిచే సోలెనాయిడ్‌కు విద్యుత్తు అందుతున్నదా లేదా అన్నది మాత్రమే చూపేది. మూసుకోమన్న ఆదేశం వెళ్ళింది కనుక దీపం ఆరింది. వాల్వ్ మూసుకున్నదని ఆపరేటర్లు నమ్మారు. రెండు గంటలకు పైగా శీతలీకరణ నీరు దానిగుండా పోతూనే ఉన్నది. రియాక్టర్ గర్భంలో దాదాపు సగం కరిగిపోయింది. అక్కడ జెండా అబద్ధం చెప్పలేదు; అడగని ప్రశ్నకు జవాబు చెప్పింది.

అందువల్ల ఒక పరికరాన్ని కొత్తగా వ్యవస్థలో కలుపుతున్నప్పుడు ప్రతి స్థితి బిట్ గురించీ నాలుగు సంగతులు రాసి పెట్టుకోవడం మంచిది. ఇది ఆదేశాన్ని చూపుతున్నదా, ఫలితాన్ని చూపుతున్నదా? ఇప్పటి స్థితినా, జరిగిపోయిన సంఘటననా? చదివితే చెరుగుతుందా, ఎవరైనా దించాలా? దించే హక్కు ఎవరిది, వారు దించితే ఇంకెవరి జెండా దిగుతుంది? మాన్యువల్‌లో జవాబు దొరకకపోతే బల్లమీద పరికరాన్ని పెట్టి, కరెంటు తీసి, తీగ పీకి, ఇద్దరు మాస్టర్లతో అడిగించి చూడాలి. దించేముందు, చూసిన విలువను సమయంతోసహా నమోదు చేయాలి. లెక్క ఉన్న పరికరంలో జెండాతోపాటు లెక్కను కూడా భద్రపరచాలి.

ఇంత శ్రద్ధ ఒక్క బిట్‌కోసమా అనిపించవచ్చు. మన నీటి కేంద్రంలో పరిధి మారిందని చెప్పిన బిట్ కూడా ఒక్కటే. కంట్రోల్ రూమ్ దానిని చూసి, ఎవరు మార్చారని ఫోన్ చేసి కనుక్కొని, ఆ తరువాత దించి ఉంటే తెరమీద 8 అనే అంకే కనబడేది. తెరమీద అనవసరపు హెచ్చరిక ఎందుకని చూడకుండా దించి ఉంటే, పంపు ఇంకా వేగం పుంజుకుంటూనే ఉండేది.